కాలువలో పడుకున్న మాస్టారు

మస్తాన్‌వలి మాస్టారు నిద్రలోనే కన్నుమూశారన్న వార్త మొన్న ఉదయం విని నిశ్చేష్టుణ్ణయ్యాను. ముందురోజు సాయంత్రమే మా అరుగు మీద కూర్చుని నా పద్యంలో యతి తప్పిందని చూపించిన మనిషి. లెక్కల మాస్టారికి యతి ఎందుకండీ అని నేను విసుక్కుంటే హాయిగా నవ్విన మనిషి.

మా హైస్కూల్లో ఆయన లెక్కలు, నేను తెలుగు. పరోపకార పరాయణత్వం అనే సమాసానికి నేను విగ్రహవాక్యం చెప్పేవాణ్ణి. అర్థం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయన తండ్రి పొగాకు వ్యాపారం చేసే రోజుల్లో కొన్న పాత ల్యాండ్‌మాస్టర్ కారు ఒకటి వాళ్ళింట్లో ఉండేది. నా భార్య జానకమ్మకు ఉబ్బసం. మిరపకాయల బస్తాలు వేసుకున్న బస్సెక్కితే ఆ ఘాటుకి గుంటూరు చేరేలోగా ప్రాణం కడబట్టేది. అందుకని డాక్టరు దగ్గరికి మాస్టారే కార్లో తీసుకెళ్ళేవారు. తొంభైల చివర ఒకసారి, నల్లపాడు దాటుతుండగా ఆయన అద్దంలో చూస్తే, ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది. సైలెన్సర్ గొట్టాన్ని తుప్పు తినేసి పొగ లోపలికి వస్తోంది. గొట్టమంతా మార్చేదాకా చెల్లెమ్మను ఇందులో ఎక్కించనని ఆయన శపథం పట్టారు.

మెకానిక్కులు లారీ గొట్టం అతికిస్తామంటే ఒప్పుకోలేదు. పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి సరైన కొలత గొట్టాలు సంపాదించారు. కారు పైకెత్తే యంత్రం మా ఊళ్ళో ఎక్కడిది? వేసవిలో సాగరు నీళ్ళు ఆపేశాక ఇంటి పక్క పిల్లకాలువ ఎండిపోతుంది. చెరో గట్టు మీద రెండేసి చక్రాలు వచ్చేలా కారు నిలిపి, చీమకుర్తి రాళ్ళు అడ్డం పెట్టి, తాను కాలువలో గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకున్నారు. ఒక బోల్టు ఎంతకీ రాకపోతే, సుత్తితో ఒకటి వెయ్యమని నేను తొందరపెట్టాను.

"కోప్పడితే విరుగుద్ది శాస్త్రి గారూ. కిరసనాయిలు పోసి రేపు అడుగుదాం" అన్నారు. మర్నాడు అది బుద్ధిగా తిరిగింది.

కొత్త గొట్టాలను ఇంజను నుంచి వెనక బంపరు దాకా వదులుగానే వేలాడదీశారు. ఒకటి ముందే బిగిస్తే మిగిలినవి కుదరవట. సరిగ్గా అప్పుడే ఊరి మంచినీళ్ళ చెరువు నింపడానికి నీళ్ళు వదిలారు. బయటికి రమ్మని నేను గట్టు మీద గంతులు వేశాను. చెయ్యి వదిలితే గొట్టాలు నీళ్ళపాలు. వీపు తడిసి, నీళ్ళు చెవుల దాకా వచ్చినా ఆయన స్పానర్ ఆపలేదు. అన్నీ బిగించాకే బురద మనిషై లేచారు. కారును రోడ్డెక్కించి, గొట్టం చివర గుడ్డ అడ్డంపెట్టి, ఎక్కడైనా బుస్సుమంటోందా అని చెవి ఒగ్గి విన్నారు.

అయినా తృప్తి లేదు. జానకమ్మను ఎక్కించుకుని ఊరంతా తిప్పారు.

"నా ముక్కును నేను నమ్మను చెల్లెమ్మా. నువ్వు చెప్పాలి."

ఆమె కొంగు వదిలి నిండా ఊపిరి పీల్చింది. "పొగ లేదన్నయ్యా, మీ బురద వాసనే" అంది. ఆనాడు నాకు కలిగిన కృతజ్ఞతను ఇన్నేళ్ళలో ఏ పద్యంలోనూ పెట్టలేకపోయాను.

అటువంటి పుణ్యమూర్తి లేని లోటు తీరనిదని సంతాపసభలో అందరూ అన్నారు, నేనూ అన్నాను. అది ఎంత లోటో తెలిసింది మాత్రం నిన్న. జానకమ్మకు ఆయాసం ముంచుకొచ్చింది. చెప్పులు తగిలించుకుని మాస్టారి ఇంటికి పరుగెత్తాను. వీధి మలుపు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. అక్కడి నుంచే ఆ ఇంటికి చేతులు జోడించి, ఆటో కోసం బస్టాండు వైపు తిరిగాను.