సొలొమోను డోలక్కు తప్పిన దరువు

ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి చెరకు ట్రాక్టరు తోలే సొలొమోనుకి షుగరు వచ్చిందని తెలిసినప్పుడు ఎవరూ జాలిపడలేదు. జాలిపడే సందు అతనిస్తేగా! "నా రక్తం ఒక్క బొట్టు కింద పడితే చాలు, చల్లపల్లి నించి చీమలు బస్సెక్కి వస్తన్నాయి" అని చెప్పుకున్నాడు. వినేవాళ్లు నవ్వితే ఇంకో బస్సు వేయించేవాడు.

కోతలు ఎన్ని కోసినా, చెయ్యాల్సినవి మాత్రం బుద్ధిగా చేశాడు. భార్య అమలమ్మ కంచంలో అన్నం తగ్గించి తోటకూర పెంచితే గొణుక్కుంటూనే తిన్నాడు. పొద్దున్నే కాలవగట్టు మీద నడిచాడు. డాక్టరు డయానా గారిచ్చిన మాత్రంటే అతనికి ఎంత నిష్ఠంటే, ఇల్లు తగలబడుతున్నా ముందు మాత్ర, తర్వాతే నీళ్ల బకెట్టు.

గుడ్ ఫ్రైడే నాడు ఆ నిష్ఠే కొంప ముంచింది.

లోకంలో సొలొమోనుకున్న ఏకైక పదవి చర్చిలో డోలక్కు. ఆ చోటు మీద కన్నేసిన జయపాల్ పక్కనే తాళాలు కొడుతూ కాచుక్కూర్చున్నాడు. ఆ రోజు ఉపవాసముండి, మధ్యాహ్నం ఆరాధన ముగిసేదాకా వాయించడం సొలొమోను గొప్ప. అందుకని టిఫిను మానేశాడు. మాత్ర తిండి కాదు గదా, అది మాత్రం వేసుకున్నాడు.

రెండో పాటకే చేతులు వణికాయి. చొక్కా చెమటతో ముద్దయింది. దరువు పాటనొదిలేసి తన దారిన తాను పోయింది.

"లెగు బాబాయ్, నేనందుకుంటా" అన్నాడు జయపాల్.

"పోరా! ఇది ఆవేశం. నీకు తెలవదు."

ఆడవాళ్ల వరసలోంచి అమలమ్మ లేచొచ్చి మొగుడి ముఖం చూసింది.

"ఆవేశమా పాడా! మాత్రేసుకున్నావా?"

"వేసుకున్నా."

"తిన్నావా?"

"ఉపాసం గదే!"

పక్కనే ఉన్న పాస్టరు గారింట్లోంచి పరుగున పంచదార నీళ్లు కలిపి తెచ్చింది. సొలొమోను మొహం తిప్పుకున్నాడు.

"షుగరున్నోడికి పంచదార పోస్తావటే? చంపుదామనా?"

"ఉన్నది కాస్తా పడిపోయిందయ్యా, తాగు!"

"పడిపోతే మంచిదేగా! ఇన్నాళ్లూ తోటకూర తింది దేనికి?"

"దానెనకాలే నువ్వూ పడతావు. అప్పుడు డోలక్కు జయపాలుదే."

గ్లాసు గుటకలో ఖాళీ అయింది. కాసేపటికి వణుకు తగ్గింది. పాస్టరమ్మ గారు ఇడ్లీలు పెడితే తలొంచుకుని తిన్నాడు.

అమలమ్మ ఫోను చేస్తే డయానా గారు చెప్పారు: "షుగరు పెరిగితే మెల్లగా పాడుచేస్తుంది సొలొమోను గారూ. మరీ తగ్గితే అక్కడికక్కడే పడేస్తుంది. మీరు తింటారన్న నమ్మకంతో ఆ మాత్ర పనిచేస్తుంది. తినకపోతే ఒంట్లో ఉన్నదాన్నే ఊడ్చేస్తుంది. ఉపవాసం చేయాలనుకుంటే ముందు నన్నడగండి, మందులు ఎలా వాడాలో చెప్తాను."

"అంటే తిని వాయిస్తే దేవుడేమనుకుంటాడండీ?"

అది డాక్టరు చెప్పే మాట కాదు. పాస్టరు ఆరోన్ గారు ఫోను అందుకున్నారు. "వాయించమన్నాడు గానీ పడిపొమ్మన్లేదు లేవయ్యా."

ఈస్టరు నాటికి కథ పెరిగింది. తన ఒంట్లోంచి పడిన షుగరు కాలవలో కలిసి దివిసీమ దాకా నీళ్లు తీపెక్కాయని సొలొమోను ఆరాధనకి ముందే అందరికీ చెప్పేశాడు. మీసానికి కొబ్బరి చట్నీ అంటుకుని ఉంది. "తినొచ్చావా బాబాయ్?" అన్నాడు జయపాల్, దిగులుగా.

"కడుపునిండా!"

జయపాల్ పంతంకొద్దీ తాళాల వేగం పెంచాడు. డోలక్కు అతన్ని దాటి ముందుకు పోయింది.