బొగ్గుబట్టల పరుపు

గోదావరి నీళ్ళు దోసిట పట్టి ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా రేపటి నుంచి నా చాయలో చక్కెర పడకూడదు. (డాక్టరు చక్కెర ఎప్పుడో మాన్పించాడు, అది వేరే సంగతి.) ఆ రోజుల్లో, తెలంగాణ ఇంకా రాని రోజుల్లో, గోదావరిఖని బొగ్గుబాయిల్లో తండ్రి దిగిపోతే ఆ చోట కొడుకు ఎక్కే కొలువులు ఆగిపోయి, నాలాంటి కుర్రాళ్ళం చౌరస్తాలో నిలబడి షిఫ్టుకు పోయేవాళ్ళను చూడడమే ఉద్యోగంగా బతికేవాళ్ళం. నాకు దానికి తోడు మరదలి మీద ఆశ ఒకటి. "ఏదన్న పని వట్టుకో, పిల్లనిస్త. ఎండకాలం దాటేదాక ఆగుత, అటెన్క వేరే సంబంధం చూస్త" అన్నాడు మేనమామ, బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు చేసి అప్పుడే రిటైరైన మనిషి.

నాకొక ఆలోచన పుట్టింది (పుట్టగానే పోయుంటే ఎంత బాగుండేది!). కాలనీలో ఏ క్వార్టర్ వెనక చూసినా చిరిగిన డ్యూటీ బట్టలే. వాటిని ఏరుకొచ్చి, మిషన్‌లో దూదిలా ఏకించి పరుపులు కుడితే? పారేసిన గుడ్డా పనికొస్తుంది, నేనూ పనికొస్తాను. దూదిమిషన్ చాచా నా మూటలు చూసి, "అరే బేటా, గివి ఏకితే నా మిషన్ గూడ బాయి డ్యూటీకి పోయొచ్చినట్టయితది. ఉతుక్కరా పో" అన్నాడు. ఉతికాను. ఎంత ఉతికినా నీళ్ళు నల్లగానే పారాయి. ఆ కాలువలో పొర్లిన వీధి తెల్లకుక్క నల్లబడి ఇంటికి పోతే, సొంత పిల్లలే దాన్ని చూసి మొరిగాయి. చివరికి నా ఓపిక అయిపోయింది గానీ నలుపు అయిపోలేదు. ఆరాక బట్టలు శుభ్రంగానే కనిపించాయి కదా అని ఏకించేశాను. మొదటి పరుపు మామకే వేశాను, మీద తెల్లదుప్పటి పరిచి మరీ.

తెల్లారగానే మరదలు ఉరికొచ్చింది. "బావా, జల్ది రా! బాపు నల్లగయిండు!"

రాత్రంతా ఉక్కపోత, చెమట. మామ ముఖం, మెడ, వీపు అన్నీ నలుపే. దుప్పటి మీద మామ ఆకారం, కాలివేళ్ళతో సహా, అచ్చేసినట్టు పడి ఉంది.

"ఏందిరా గిది? మొన్ననే మెడల దండేసి ఇంటికి తోలిండ్రు. నువ్వు మళ్ల డ్యూటీ ఎక్కిచ్చినవ్ గదరా!"

"ఒక్కసారి ఉతికితే పోతది మామా..."

"ఎవల్ని? నన్నా, పరుపునా?"

మరదలు చున్నీ నోట్లో కుక్కుకుంది. మామ కడుపు పట్టుకుని నవ్వి, "పోరా, పిల్ల నీదే" అన్నాడు.

ఇదిగో, ఇక్కడే అబద్ధమాడాను. మామ నవ్వలేదు. ఆ నల్లటి ఆకారం పక్కన కూర్చుని, అరచేత్తో దాన్ని తుడుస్తూ, "ఇగ పోదారా ఇది? ఇంటికొచ్చినంక గూడ పోదా?" అని ఏడ్చాడు. ఎండాకాలం దాటింది, మరదలు కొత్తగూడెం కోడలైంది. చక్కెర లేని చాయ తాగుతూ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఉతికితే బొగ్గు పోతుందనుకున్న ఆ పిచ్చోణ్ణి చూసి.

కుక్క సంగతి మాత్రం నిజం. మొదటి వానకే అది మళ్ళీ తెల్లబడింది.