వేరు కోసిన ఏడు

మా తోటికోడలు పోయింది. మా మరిది భార్య. మా రెండిళ్లకీ మధ్య గోడ ఒకటే, పైన డాబా ఒకటే. పొద్దున్న డాబా మీద మొక్కలకు నీళ్లు పోసి, కిందికి దిగి టీ తాగి, "గుండెల్లో ఏదోలా ఉన్నాది" అని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. గోడ అవతలి నుంచి మా మరిది "వదినా!" అని కేకేసిన తీరుకే నాకు తెలిసిపోయింది. నాకన్నా బాగా చిన్నది. నాకంటే ముందు పోవడానికి దానికేం హక్కుందో ఇప్పటికీ అర్థం కాదు. రేషన్ షాపు దగ్గర కూడా వరస తప్పి ముందుకు దూరి ఎరగదు.

నర్సీపట్నంలో మా వీధివాళ్లకి అది "బుల్లి చెట్లావిడ". పళ్లెమంత తొట్టిలో నిండు చెట్టును నిలబెట్టే బోన్సాయ్ పిచ్చి దానిది. మాఘమాసం వచ్చిందంటే మా డాబా ఆపరేషన్ థియేటరే. చిగురు పుట్టకముందే తొట్టి మార్చాలట. చెట్టును పైకి తీసి, అల్లిక సూదితో వేర్ల మధ్య మట్టిని మెల్లగా దువ్వేది, చంటిపిల్లకు చిక్కు తీసినట్టు. పొడుగు వేర్లు కత్తిరించి, ఏటి ఇసుక, జల్లించిన ఇటుక ముక్కలు, మాగిన పేడ కలిపి మళ్లీ కూర్చోబెట్టేది. నిరుడు కొమ్మలు వంచడానికి చుట్టిన రాగితీగను బెరడులోకి దిగకముందే ముక్కలుగా కత్తిరించి తీసేది. నేను పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదివేదాన్ని.

"ఏటే, ఇన్నేళ్లు పెంచినా మోకాలెత్తు దాటలేదు. నీ చెట్టు ఏ క్లాసు తప్పిందే?"

"తొందరున్నోళ్లు వంగతోట ఏసుకోవాలప్పా," అనేది తలెత్తకుండా. మా వైపు అక్కను అప్ప అంటారు.

ఏటికొప్పాక వెళ్లినప్పుడు ఒక లక్కబొమ్మ తెచ్చి దాని చింతచెట్టు కింద పెట్టాను. మర్నాటికి ఆ బొమ్మ నా గుమ్మంలో ఉంది. "సెట్టు కింద బొమ్మెడితే సెట్టూ బొమ్మైపోద్ది," అంది. అభిప్రాయాలకు మాత్రం మోకాలెత్తు నియమం లేదు దానికి.

చింత చిగురించాక చెట్టు ఆకారం చెడకుండా కొసలు గిల్లాలి. గిల్లిన చిగురును పారేసేది కాదు, పప్పులో వేసేది. చింతచిగురు పప్పంటే దానికి ప్రాణం. కానీ తొట్టి మార్చిన ఏడు మాత్రం ఒక్క ఆకు గిల్లనిచ్చేది కాదు. అలవాటుగా చెయ్యి చాపానని ఒకసారి నా చేతి మీద ఒకటేసింది, పెద్దదాన్నని కూడా చూడకుండా.

"వేరు కోసిన ఏడు సిగురు ముట్టకూడదప్పా. కింద ఏర్లు కుదురుకునీదాకా దాని బలమంతా ఆ నాలుగాకులే."

ఈ ఏడు ఆ చింత వంతు. మా తోటికోడలు వేర్లు కోసి కూర్చోబెట్టిన ఆఖరి చెట్టు అదే. నీడలో పెట్టి, చిగురు కోసం రోజూ పైకెక్కి చూసుకునేది. కొసలు ఉబ్బుతుండగానే పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "మొక్కల్ని అలా ఏళ్లకేళ్లు బాధపెట్టింది కదండీ, ఆ ఉసురే తగిలుంటాది," అంది. "మీరు ఆదివారం ఆదివారం కోణ్ణి కోస్తారు కదండీ, నిక్షేపంలా ఉన్నారే," అన్నాను. ఆవిడ టీ తాగకుండానే వెళ్లిపోయింది. పంచదార మిగిలింది.

పెద్దకర్మ నాడు పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి ఆకులో పెడతాం కదా. దాని చెల్లెలు ఎస్. రాయవరం నుంచి వచ్చింది. నేను పొద్దున్నే డాబా ఎక్కేసరికి చింతచెట్టు బోసిగా ఉంది. ముందురోజు వరకు బొటనవేలంత చిగుళ్లు. ఇప్పుడు ఉత్త పుల్లలు. కిందికొచ్చి చూస్తే పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

"ఎవరే గిల్లింది?"

"నేనే పెద్దప్పా," అంది చెల్లెలు.

"సంతలో కొండోళ్లు తట్టలతో పోస్తున్నారు కదే! కొనడానికి చేతులు పడిపోయాయా?"

"కొన్నది కాదు పెద్దప్పా, మాయప్ప సేత్తో పెంచింది పెట్టాలనిపించింది."

"వేరు కోసిన చెట్టే అది! చచ్చిపోతుంది!"

మా మరిది మధ్యలోకి వచ్చాడు. "ఒగ్గేయ్ వదినా. దాని ఆత్మ శాంతిస్తాది."

"ఆత్మ సంగతి నాకు తెలీదయ్యా. దాని కోపం సంగతి తెలుసు. ఇప్పుడు బతికుంటే ఆ గరిటె నీ నెత్తి మీదే ఉండును."

ఆకు పెట్టగానే కాకి బేగి వాలి పప్పు ముట్టింది. అందరూ కళ్లు తుడుచుకుని తృప్తి పడ్డారు. కాకికి బోన్సాయ్ గురించి ఏం తెలుసు? మిగిలిన పప్పు ఇంటివాళ్లకు తలా చెంచాడు వడ్డించారు. నేను విస్తరి అంచుకు నెట్టేశాను. చెల్లెలు చూసింది.

"మాయప్పని నేనే సంపేసినట్టు సూస్తన్నారు పెద్దప్పా."

"అది పోవడం నీ చేతిలో లేదు. ఇది నీ చేతిలోదే," అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడూ తీసుకోను. చెల్లెలి ప్రేమను నేను కాదనలేదు. ఆ ప్రేమ ఒక్క మాట అడిగుంటే బాగుండేదంటున్నాను. పోయినవాళ్లకి ఏం ఇష్టమో అందరికీ గుర్తుంటుంది. వాళ్లు ఏం వద్దన్నారో ఒక్కళ్లకీ గుర్తుండదు.

సాయంత్రం చుట్టాలంతా వెళ్లాక డాబా ఎక్కాను. చెల్లెలు నాకన్నా ముందే అక్కడుంది. తడిపిన గోనె ఒకటి తెచ్చి, చెట్టుకు ఎండ తగిలే వైపు అడ్డం కడుతోంది. నన్ను చూసి ముడి బిగించింది. తొట్టిని మెల్లగా తిప్పాను. గోడ వైపున్న కొమ్మకు, దాని చెయ్యి దూరని సందులో, ఒక్క చిగురు మిగిలి ఉంది. లేత ఎరుపు, చిటికెనవేలంత.

నేను నీళ్లు చిలకరించాను. ఎండ పడమటి కొండల వెనక్కి జారింది. చూస్తుండగా ఆ చిగురు ఆకులు వాలడం మొదలుపెట్టాయి.

"వాడిపోతంది పెద్దప్పా!" అని నా మోచెయ్యి పట్టుకుంది.

"వాడటం కాదే. చింతాకు పొద్దుగూకితే ముడుచుకుంటుంది. చచ్చిన కొమ్మకి పొద్దు తెలీదు."

నా మోచెయ్యి వదల్లేదు. నేనూ విదిలించుకోలేదు. గోనె చివర నుంచి నీటిబొట్లు పడుతున్నాయి. ఆకులు ఒకదానికొకటి ఎదురుగా జంటజంటగా మూసుకుంటూ, కొసదాకా మూసుకున్నాయి.