నోటితో ఊదిన నాజిలు

మొన్న ఉదయం బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంటు కుండీలకు మందు కొట్టడానికి వచ్చిన తోటమాలి, పంపు నాజిలు మూసుకుపోతే దాన్ని విప్పి నోట్లో పెట్టుకుని ఉఫ్‌మని ఊదాడు. "ఒరేయ్, తియ్యి నోట్లోంచి!" అని బాల్కనీలోంచి నేను అరిచిన అరుపుకు మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అతనూ యాభై దాటినవాడే, ఒరేయ్ అనదగ్గ మనిషి కాదు. అయినా నొచ్చుకోకుండా, "అలవాటేనండి, మా ఊళ్ళో అందరం ఇలాగే ఊదుతాం" అని నవ్వాడు. నాకు తెలియని అలవాటా అది! ఒక మనిషికి దాన్ని నేనే నేర్పాను.

ఎనభైల్లో వినుకొండ దగ్గర ఒక పల్లెలో మందు కొట్టే పంపుల రిపేరు నేర్పే ఉద్యోగం నాది. పత్తికి పురుగు పట్టిందంటే ఊరంతా వీపున పంపులు తగిలించుకుని తిరిగేది. ఒక్క వాషరు పోతే చాలు, పంపు మోసుకుని వినుకొండ బస్సెక్కాల్సిందే. తిరిగొచ్చేసరికి పురుగు భోంచేసి చెయ్యి కడుక్కునేది. అందుకని ఊళ్ళోవాళ్ళకే పని నేర్పి, పనిముట్ల పెట్టె ఇచ్చి, కొట్టు పెట్టించాలని ప్రభుత్వం వారి ఆలోచన. నేను అద్దెకున్న ఇంటావిడను అక్కయ్యా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆమె భర్త నాకు బావగారయ్యారు. ఎద్దుబండి మీంచి పడి కాలు వంకరపోయాక ఆయన పొలం పని చెయ్యలేకపోయారు. అక్కయ్య మిరపకోతకు వెళ్తే అరుగు మీద కూర్చుని ఆమె కోసం ఎదురుచూసేవారు. భార్య కూలి మీద బతుకుతున్నానన్న సిగ్గు ఆయన్ని తినేసేది. శిక్షణకు మొదటి పేరు ఆయనదే రాశాను.

మొదటి రోజే ఒక నాజిలు మూసుకుపోయింది. సన్నతీగతో పొడిచి నీళ్ళతో కడగాలని, నోరు తగలనివ్వకూడదని నాకిచ్చిన పుస్తకంలో స్పష్టంగా ఉంది. తీగ పెట్టె అడుగున ఎక్కడో పడి ఉంది. చుట్టూ జనం. మాస్టారికి చేతకాదనుకుంటారేమోనని, నాజిలు నోట్లో పెట్టుకుని ఊదేశాను. తుంపర చక్కగా విచ్చుకుంది, జనం ఆహా అన్నారు. ఆ నెలంతా నేను చెప్పినవాటిలో మిగతావాళ్ళు సగం మరిచిపోయారు. బావగారు మాత్రం అన్నీ నేర్చుకున్నారు, ఆ ఊదడంతో సహా.

బస్సులు ఆగే చోట వేసిన తాటాకు పందిట్లో కొట్టు బ్రహ్మాండంగా సాగింది. చుట్టుపక్కల ఊళ్ళ పంపులన్నీ అక్కడికే వచ్చేవి. అక్కయ్య కోతకు వెళ్ళడం మానేసింది. బావగారికి హుషారు ఎంత పెరిగిందంటే, నాజిలు ఊది, పెదవి చప్పరించి, ఏ మందు కొట్టారో పేరుతో సహా చెప్పేవారు. ఆ వేడుక చూడ్డానికి బాగున్న పంపులు కూడా తెచ్చేవాళ్ళు. నేనూ పడీ పడీ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మరుసటేడు పత్తికి మందు కొట్టే రోజులకి ఆయనకు తలనొప్పులు, అన్నం సయించకపోవడం మొదలయ్యాయి. "నా మాట ఆయన చెవికెక్కదు తమ్ముడూ. ఆ ఊదడం మానమని నువ్వు చెప్పు" అంది అక్కయ్య.

చెప్పాను. "భలేవాడివయ్యా బావమరిదీ, నేర్పిందే నువ్వు గదా! నీకేమన్నా అయిందా?" అన్నారాయన. నేను ఊదింది ఆ ఒక్కసారేనని, అదీ తప్పేనని, తీగ వెతకలేక గొప్పకు పోయానని చెప్పాల్సింది. పందిట్లో నలుగురున్నారు. "కాస్త చూసుకోండి" అని లేచి వచ్చేశాను. ఆ వచ్చిన వేసవిలోనే నన్ను సింగరాయకొండ వైపు బదిలీ చేశారు.

నాలుగేళ్ళ తర్వాత వెళ్తే పందిరి లేదు. బావగారు మళ్ళీ అరుగు మీదే ఉన్నారు, చేతులు వణుకుతున్నాయి. గుంటూరు డాక్టర్లు ఫలానా కారణమని గట్టిగా చెప్పలేదట. నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కయ్య మిరపకోత నుంచి వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని, టీ గ్లాసు ఆయన పెదవుల దగ్గర పట్టుకుంది. "నువ్వు నేర్పిన పని నిలబెట్టుకోలేకపోయానయ్యా" అని ఆయనే నాకు సంజాయిషీ చెప్పుకున్నారు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. విప్పుదామని బయల్దేరేనాటికి ఆయన లేరు.

మొన్న కిందికి దిగి, మా ఆవిడ కుట్టుపెట్టెలోని సూది తోటమాలి చేతిలో పెట్టి, ఊదొద్దన్నది ఎందుకో అంతా చెప్పాను, ఏమీ దాచకుండా. సూది వెతకడానికి నిమిషం పట్టింది. పెట్టె అడుగున తీగకూ అంతే పట్టేది. ఆనాడు ఆ ఒక్క నిమిషం నా దగ్గర లేదనుకున్నాను. ఇప్పుడు రోజంతా ఖాళీయే.