అమ్ముకోని సెలవు

నేను ఫౌజు నుంచి పింఛను మీద బయటపడబోయే ముందు, ఎనభైల మొదట్లో, మా యూనిట్ ఆఫీసులో క్లర్కు పిలిచి ఒక మాట అడిగాడు. నేను వాడుకోని సెలవు చాలా మిగిలి ఉందట. ఆ సెలవు మీద ముందే ఇంటికి పోయి, అక్కడ ఉండగానే నౌకరీ ముగించుకోవచ్చు. లేదంటే ఆఖరి రోజు దాకా పనిచేసి, సెలవును సర్కారుకే అమ్మి డబ్బు తెచ్చుకోవచ్చు. ఏదో ఒకటి తేల్చమన్నాడు. తుపాకీ విప్పి బిగించమంటే కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి గానీ, ఇలాంటివి నాకు తెగవు. ఇంట్లో అడిగి చెప్తానని చిన్న సెలవు మీద, ఫౌజు మాటలో చుట్టీ మీద, హన్మకొండ వచ్చాను.

చుట్టీ మీద వచ్చిన ఫౌజీకి మా వాడలో జరిగే మర్యాద గురించి ఇక్కడ చెప్పాలి. పక్కింటివాళ్ళు వాళ్ళ ఇనుప కుర్చీ తెచ్చి మా వాకిట్లో వేసేవారు. నాటుకోడి కూర, వేన్నీళ్ళ స్నానం. దాహమంటే నా భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చేది. తిరిగి పోయే రోజు దగ్గరపడితే వాడలో ఆడవాళ్ళంతా బట్ట పరిచి చుట్టూ కూర్చుని బియ్యప్పిండితో సకినాలు చుట్టేవారు. రేకు డబ్బా నిండా పోసి కాజీపేట స్టేషన్‌లో రైలెక్కించేవారు. బ్యారక్‌లో నేను బూట్లు విప్పేలోపే ఆ డబ్బా ఖాళీ అయ్యేది. నా వంతు రెండు దక్కితే గొప్ప. ప్రతిసారీ ఒళ్ళు మండేది, ఏం చేస్తాం.

ఆ సాయంత్రం అందరం వాకిట్లో కూర్చున్నాం. కుర్చీలో నేను, కింద మిగతావాళ్ళు. మా అన్నకు బియ్యం దుకాణం ఉంది, ఏ సంగతైనా తూకం వేసి మాట్లాడతాడు.

"అమ్మెయ్ తమ్మీ. ముందుగాల ఇంటికొచ్చి ఏం జేస్తవ్? ఆ పైసలతోని ఇంటి మీద కప్పన్నా మారుతది," అన్నాడు.

నర్సంపేట నుంచి వచ్చిన మా అత్తకు మాత్రం అసలు సంగతే మింగుడు పడలేదు.

"సెలవు కొనెటోడు ఎవడు బిడ్డా?"

"సర్కారు కొంటది అత్తా."

"సర్కారుకు సెలవులు తక్కువైనయా? ఏ ఆఫీసుకు పోయినా కుర్చీలు ఖాళీగనే ఉంటయి గద."

నా భార్యను అడిగితే, "నీ ఇష్టం," అని లోపలికి పోయింది. నాకు కోపమొచ్చింది. ఇంత పెద్ద సంగతికి ఒక్క ముక్కలో జవాబా?

నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉండేది. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇంట్లో నేను చుట్టమే. పింఛను తీసుకుని వచ్చాక నేనెవరిని, నా చోటు ఎక్కడ అన్నది తెలియదు. సెలవు మీద వస్తే మాత్రం ఇంకొన్నాళ్ళు చుట్టంగానే ఉండొచ్చు కదా అనుకున్నాను. కోడికూర కూడా తోడవుతుంది. తిరిగి పోయి, సెలవు అమ్మనని క్లర్కుకు చెప్పేశాను.

ట్రంకుపెట్టెతో వచ్చిన రోజు కుర్చీ ఉంది, కోడీ ఉంది. మరునాడు పక్కింటివాళ్ళు వచ్చి కుర్చీ తీసుకుపోయారు. ఆ పైన పప్పుచారు మొదలైంది. అది జీర్ణం కాకముందే నా భార్య గాసునూనె డబ్బా చేతిలో పెట్టింది, కిరోసిన్ తెమ్మని.

"నేనింకా సెలవు మీదున్న. నౌకరీ అయిపోలే," అన్నాను గంభీరంగా.

"నౌకరీ అయిపోలే గని గాసునూనె అయిపోయింది. జర తొందరగ పో, లైన్ పెరుగుతది."

అందరికీ తెలిసిరావాలని పచ్చ యూనిఫాం తొడుక్కుని, బూట్లు మెరిపించి మరీ రేషన్ దుకాణానికి పోయాను. అదే నా కొంప ముంచింది. యూనిఫాం చూసి, "సార్ వచ్చిండు, సార్ లైన్ చూస్తడు," అన్నారు జనం. నేనూ ఉబ్బిపోయి అందరినీ వరుసలో నిలబెట్టాను, మధ్యలో దూరినవాళ్ళను వెనక్కి పంపాను. లైను బ్రహ్మాండంగా నడిచింది. అందరూ పోసుకుని పోయాక నా డబ్బా పెడితే డ్రమ్ములో చుక్క లేదు.

ఖాళీ డబ్బా చూసి నా భార్య, "దేశాన్ని గిట్లనే కాపాడినవా?" అంది.

నాకు తిక్క రేగింది. "సెలవు అమ్ముకున్నా బాగుండు. ఇంటి కప్పన్నా వచ్చేది," అనేశాను. ఆ పూట ఆమె అన్నం పెట్టింది గానీ నా వైపు చూడలేదు. ఆ సెలవంతా మేము అలాగే, సగం మాటలతో గడిపాం.

సెలవు ముగిసే రోజు రానే వచ్చింది. దాంతో నౌకరీ కూడా ముగుస్తుంది. పొద్దున లేచేసరికి ఇంట్లో నువ్వులు, వాము వాసన. చూస్తే వాడలో ఆడవాళ్ళంతా బట్ట చుట్టూ కూర్చుని సకినాలు చుడుతున్నారు. నా భార్య నన్ను మళ్ళీ రైలెక్కిద్దామనుకుంటోందా ఏమిటి?

"ఏమే, నేను యాడికి పోతాన్ననుకున్నవ్?"

"యాడికీ పోవు. నాకు తెల్వదా?"

అప్పటికే వేయించినవి అదే రేకు డబ్బా నిండా పోసి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇన్నేండ్లు చేసి పంపిన. తిన్నవా అంటె రెండు తిన్న అంటివి. ఇయ్యాల నా ముందల కూసొని తిను, చూస్తా."

నేల మీదే కూర్చుని తిన్నాను. నోట్లో ఒకటి, చేతిలో ఒకటి. వాడంతా చూస్తోంది, సిగ్గు కూడా లేదు నాకు. కొన్ని తిన్నాక అడిగాను. "ఆనాడు అడిగితె నీ ఇష్టమన్నవ్. రమ్మని ఒక్క మాట అనకపోతివి."

"రమ్మన్నంక గూడ నువ్వు అమ్ముకుంట అంటె?" అంది, చేతికంటిన పిండి చూసుకుంటూ.

సకినం గొంతులో అడ్డం పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దగ్గు వల్లేనని అందరూ అనుకుని ఉంటారు. ఎప్పటిలాగే చెయ్యి చాపి నీళ్ళు తెమ్మన్నాను.

"కడవ ఆడనే ఉన్నది. ముంచుకో," అంది.

లేచి ముంచుకున్నాను.