పెరట్లో ఎర్రనీళ్లు

మా పెరటి ప్రహరీ గోడ పడగొట్టిన రోజున నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. మన్ను తవ్వే యంత్రం పక్క సందులో పట్టదనీ, వెనక గోడ తీస్తే తప్ప లోపలికి రాదనీ మేస్త్రీ ముందే చెప్పాడు. సరేనని తలూపిందాన్ని నేనే. అయినా గోడ కూలిన చప్పుడు విన్నాక చేతిలో గరిటె కాసేపు కదల్లేదు. ఇల్లు కట్టుకున్న రోజుల్లో ఆ గోడకు పొద్దునా సాయంత్రమూ నీళ్లు కొట్టింది ఈ చేతులే. ఇప్పుడు అదే పెరట్లో ఈతకొలను, దాని పక్కన వేడినీళ్ల తొట్టి. మా వీధిలో ఎవరికీ లేని వైభోగం. మేము కట్టించింది వైభోగం కోసం కాదు.

మా ఆయనకు పక్షవాతం వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. చిత్తూరులో బెల్లం మండీ నడిపిన మనిషి, పొద్దస్తమానం కాళ్ల మీద నిలబడే బతికాడు. దేవుడి దయవల్ల మాట నిలిచింది, చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. కుడికాలు మాత్రం రాలేదు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి స్నానాల గదికి ఆయన బరువంతా నా ఎడమ భుజం మీదే. వేలూరులో చూపిస్తే, నీళ్లలో నిలబెట్టి నడిపించమంది డాక్టరమ్మ. ముందు వేడినీళ్లలో కూర్చోబెట్టి కండ సడలించాలట, తర్వాత రొమ్ములోతు నీళ్లలో అడుగులు వేయించాలట. నీళ్లలో ఒంటి బరువు తగ్గుతుంది కాబట్టి కాలు భయం లేకుండా నేర్చుకుంటుందని చెప్పింది.

"కాలు మళ్లీ నేర్చుకునే కాలం ఎప్పటికీ ఉండదమ్మా. ఉన్నప్పుడే తొందరపడాలి" అని కూడా అంది. ఆ మాట నన్ను వదల్లేదు.

తిరుపతిలో ఒక హోటల్లో కొలను ఉంటే అడిగి తీసుకుపోయాం. అందులోకి దిగడానికి ఇనుప నిచ్చెన. మా అబ్బాయి కిందినుంచి, నేను పైనుంచి పట్టుకున్నా ఆయన కాలు రెండో మెట్టు మీద ఆనలేదు. ఈదుతున్న పిల్లలు ఆపేసి చూస్తున్నారు. తువ్వాలు కప్పి వెనక్కి తెచ్చుకున్నాం.

వాకిట్లో దిగాక మా అబ్బాయి అన్నాడు. "మన పెరట్లోనే కట్టిద్దాం నాయనా. నిచ్చెన లేకుండా."

ఆయన నావైపు చూశాడు. "ఏమ్మే, నన్ను నిమజ్జనం చేసేదానికి గుంత తవ్విస్తాండారా తల్లీకొడుకులు?"

"వినాయకుడైతే ఒగ దినంతో అయిపోతాది. మీకు దినామూ చేయాల" అన్నాను.

అలా మొదలైంది.

మేస్త్రీ వేలూరు వైపు మనిషి. అరవం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. ఫోను నా ముందు పెట్టి బొమ్మలు చూపించాడు. అడుగున నీలం పలకలు, వాటి మీద ఎగిరే చేపలు, రంగురంగుల లైట్లు.

"రాత్రిపూట లైటేస్తే సినిమా మాదిరి ఉంటాదమ్మా. ఒగ పక్క ఆరడుగుల లోతు పెడతా."

"లోతు వద్దు నాయనా. మా ఇంట్లో ఎవురికీ ఈత రాదు."

అతను ఫోను దించి నన్ను చూశాడు. "ఈత రాని ఇంటికి ఈతకొలను. ఇదే ఫస్టు నాకు."

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పంచాంగం ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు, తర్వాత భక్తి పుస్తకాలే నా చదువు. మేస్త్రీ కాగితం మీద గీసిన ప్లాను నాకు అర్థం కాలేదు. ముగ్గుపిండి తెచ్చి పెరట్లో నేల మీద గీశాను. ఇక్కడినుంచి కుర్చీ వస్తుంది, ఇక్కడ మెట్లకు బదులు వాలు ఉండాలి, వాలు పొడవునా పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. మేస్త్రీ నా ముగ్గు చుట్టూ తిరిగి, ఒకచోట కాలితో చెరిపి కొంచెం జరిపాడు. మర్నాడు యంత్రం ఆ గీతల మీదే దిగింది.

మా ఆయనకు ఒక అక్క ఉంది, నాకు వదిన. రెండు వీధుల అవతల ఇల్లు. పని మొదలైన నాటినుంచి రోజూ వచ్చి వసారాలో తమ్ముడి పక్కన కూర్చునేది. కొలను ఈశాన్యంలోనే రావాలని పట్టుబట్టింది ఆమే. "నీళ్లు ఇంగ యాడ పెట్టినా ఇంటికి మంచిది కాదు" అంది. ఈశాన్యంలో మా తులసికోట ఉంది. కూలీలను ముట్టుకోనివ్వలేదు. తెల్లవారుజామున తలస్నానం చేసి, నీళ్లు పోసి, వేళ్లు తెగకుండా మట్టితో సహా బకెట్టులోకి ఎత్తుకున్నాను. ఆయన కోసం కొంచెం జరుగు తల్లీ అని చెప్పుకున్నాను. వారం పాటు ఆకులు వాలేసి, తర్వాత చిగురు పెట్టింది. ఆ నెలల్లో నేను కళ్లారా చూసుకున్న మంచి అదొక్కటే. రోజూ దానికే దండం పెట్టుకునేదాన్ని.

మిగతాదంతా దుమ్ము. నడుములోతు తవ్వగానే బండ తగిలింది. బండ పగలగొట్టే మిషను చప్పుడుకు దేవుడి గదిలో పటాలు వణికేవి. బండ అయిపోయి ఇనుప కమ్మీలు కట్టేసరికి ముసురు పట్టింది. గుంతలో ఎర్రమట్టి నీళ్లు నిలిచి కప్పలు చేరాయి. పనివాళ్లు రాలేదు. వచ్చిన రోజున అందరికీ టీ, మధ్యాహ్నం మజ్జిగ. ఆయనకు స్నానం, మందులు, కాలికి నూనె. ఒక సాయంత్రం దీపం పెట్టబోయి అగ్గిపెట్టె చేతిలో ఉండగానే గోడకానుకుని నిద్రపోయాను. కోడలు చూసి లేపకుండా తనే వెలిగించింది. ఆ పిల్లకు దేవుడు మంచి మనసిచ్చాడు.

నూనె రాసేటప్పుడు ఆయన పిక్క నా చేతికి రోజురోజుకూ పలచగా తగిలేది. ఆయనకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలుసు. వాన మానలేదని మేస్త్రీ ఫోను చేసినప్పుడల్లా ఆయన తన కుడికాలి వైపే చూసుకునేవాడు.

పండగలు రెండు దాటిపోయాక, చలి మొదలయ్యే వేళకు పలకలు అతకడం పూర్తయింది. మా బోరు కొంత నింపింది, మిగతాది ట్యాంకరు నీళ్లు. ఎండాకాలంలో మా వీధి చివర బిందెలు పెట్టుకుని నిలబడే ఆడవాళ్లు గుర్తొచ్చి నాకు మింగుడు పడలేదు. "పారబొయ్యం అమ్మా, ఇవే నీళ్లు వడగట్టి వడగట్టి ఏండ్ల తరబడి వాడుకోవచ్చు" అని మేస్త్రీ చెప్పాక కొంచెం ఊరట.

తొట్టి కూడా నిండింది. గుండ్రంగా, నలుగురు కూర్చునేంత. మేస్త్రీ మమ్మల్నందరినీ పిలిచి మరీ చెప్పాడు.

"కొత్త సిమెంటు, ఇంగా సున్నం కక్కతా ఉండాది. నేను మందేసి నీళ్లు సరిచేసేదాకా దీంట్లో ఏమీ ఎయ్యొద్దు. రేపు హీటరు పెడతా. ఎల్లుండి అయ్య దిగొచ్చు."

ఎల్లుండి. ఆ మాట విని ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

మేస్త్రీ భోజనానికి వెళ్లాడు. మా వదిన లేచి పూజ గదిలోంచి పళ్లెం తెచ్చింది. కుంకుమ, పూలు, కర్పూరం, ఇంకా విప్పని పసుపు పొట్లం ఒకటి.

"ఏమీ ఎయ్యొద్దన్నాడు వదినా" అన్నాను.

"ఏమీ అంటే చెత్త ఎయ్యొద్దని. పసుపు చెత్తా? కొత్త నీళ్లకు పసుపు కుంకుమ ఇయ్యకుండా నా తమ్మున్ని దించుతారా?"

కొత్త బోరుకు, కొత్త కుళాయికి కూడా పసుపు పెట్టే ఇల్లు మాది. మేమిద్దరం తొట్టి దగ్గర నిలబడ్డాం. గంగమ్మ తల్లీ, వీనికి కాలియ్యి అంటూ ఆమె పొట్లం విప్పి మొత్తం వొంపేసింది. నేను చేతులు జోడించాను.

పసుపు పచ్చగా పరుచుకుంది. కళ్లముందే అంచుల దగ్గర ముదిరి, నారింజ రంగు తిరిగి, తొట్టంతా ఎర్రబడింది.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మ్మే, తల్లికి కోపమొచ్చినాది. వాన్ని దించొద్దు" అంది సన్నగా.

వసారాలోంచి నవ్వు వినిపించింది.

"అక్కా, పసుపులో సున్నం కలిపితే ఏమయితాది?"

"ఏమయితాది, ఎర్రనీళ్లయితాది" అంది వదిన, ఆగి, మళ్లీ తొట్టిలోకి చూసింది.

బాలింత ఇంటికొచ్చినా, ఆసుపత్రి నుంచి మనిషి తిరిగొచ్చినా వాకిట్లో నిలబెట్టి మేము దిష్టి తీసేది ఆ నీళ్లతోనే. పళ్లెంలో వేలితో ఎన్నిసార్లు కలిపానో. సిమెంటు సున్నమూ సున్నమేనని ఇద్దరికీ తట్టలేదు.

"తొట్టెడు కలిపినావు గదక్కా. చిత్తూరు జిల్లాలో ఇంత దిష్టి ఎవురికీ తీసుండరు" అన్నాడాయన.

మేస్త్రీ వచ్చి చూసి, ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. "పెద్దమ్మా, నేను నాలుగు ముద్దలు సోరు తినొచ్చేలోగానా?" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. తొట్టి ఖాళీ చేయాలి, పలకల సందుల్లో ఎక్కిన రంగు గీకి మళ్లీ పూయాలి, ఆరనివ్వాలి. ఈలోగా అతనికి వేరే ఊళ్లో పని ఒప్పుకున్నది ఉంది. పదిహేను రోజులో, నెలో చెప్పలేనన్నాడు.

మోటారు పెట్టి ఆ నీళ్లను గొట్టంతో వీధి కాలువలోకి తోడాడు. కాలువ సగం పూడిపోయి ఉంది. ఎర్రనీళ్లు పొంగి వీధికి అడ్డంగా పారాయి. దిష్టి నీళ్లు ఎవరు తొక్కుతారు? పాలాయన బండి ఆపి ఒక కాలు కిందపెట్టి నిలబడ్డాడు. బడి నుంచి వచ్చే పిల్లలు అటువైపే ఆగిపోయారు. ఎదురింటామె గేటు దగ్గరికి వచ్చి, "ఎవురికమ్మా ఇంత దిష్టి? ఊరంతటికీ కలిపి తీసినారా?" అంది.

"ఉండండి, ఉండండి, దాటొద్దండి. అయిపోతాది" అని మా వదిన గేటు బయట నిలబడి రెండు వైపులా చెయ్యి చూపిస్తోంది. ఆయన కుర్చీని గేటు దాకా తోయించుకుని చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. ఏడాదికి పైగా ఆ నవ్వు ఇంట్లో వినబడలేదు. దానికి కృతజ్ఞత చెప్పుకోవాలని నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం ఆయన కాలికి నూనె రాస్తుంటే నా కళ్లు ఆగలేదు. ఇంకో నెల. ఈ పిక్క ఇంకో నెల ఆగుతుందా?

"యాల ఏడుస్తావు?" అన్నాడు. "తొట్టి పోతే పోనీ. కొలను ఉండాది గదా."

"ముందు వేడినీళ్లలో కూర్చోవాలని గదా డాక్టరమ్మ సెప్పింది."

"నీళ్లు కాంచే నీ అండా యాడికి పోయింది?"

నిజమే. వేరే ఊరికి పోయే ముందు మేస్త్రీ కొలనులో మందేసి, నీళ్లు మంచివేనని తేల్చి చెప్పిన రోజున, పొద్దున్నే పొయ్యి మీద అండా పెట్టాను. వేడినీళ్లలో తువ్వాళ్లు ముంచి పిండి, ఆయన తొడ నుంచి మడమ దాకా చుట్టాను. చల్లారితే తీసి మళ్లీ చుట్టాను. ఇన్ని నెలలు గోడ పడగొట్టి, బండ పగలగొట్టి, చివరికి మళ్లీ నా చేతులూ ఒక అండానూ. నవ్వే ఓపిక కూడా లేదు.

ఆయన నిక్కరు వేసుకుంటే వదిన చూసి, "పెండ్లిలో పంచె జారినోడు ఇప్పుడు నిక్కరుతో తిరుగుతాండాడు" అని మొహం తిప్పుకుంది. దించవద్దని ఆమె మళ్లీ అనలేదు. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ వసారాలోనే కూర్చుంది.

అబ్బాయి ఎడమవైపు, నేను కుడివైపు. కమ్మీ పట్టుకుని వాలు మీద దిగాం. నీళ్లు చల్లగా కొరికాయి. మోకాలి దాకా వచ్చేసరికి ఆయన బరువు ఎప్పటిలాగే నా భుజం మీద ఉంది. నడుము దాకా వచ్చేసరికి కొంత తగ్గింది. రొమ్ము దాకా వచ్చాక నా భుజం మీద ఉన్నది ఆయన చెయ్యి మాత్రమే.

"వదులు" అన్నాడు.

నేను వదల్లేదు.

"మ్మే, వదులు. అబ్బోడు ఉండాడు గదా."

వదిలాను. ఆయన నిలబడ్డాడు. కిందికి చూశాడు, నీళ్లలో వంకరగా కనిపిస్తున్న తన కాలిని. అది కొంచెం ముందుకు కదిలి అడుగున ఆనింది.

"ఉండాది" అన్నాడు. "కాలు ఉండాది."

తొట్టి నెల దాటాక బాగైంది. ఇప్పుడు అందులో నీళ్లు వేడిగా బుడగలు కక్కుతాయి. పలకల సందుల్లో ఎంత గీకినా పోని ఎర్రగీత ఒకటి మిగిలిపోయింది. రోజూ పొద్దున ఆయన ముందు అందులో కూర్చుని, తర్వాత కొలనులో అబ్బాయి పక్కనే అటూ ఇటూ నడుస్తాడు. నేల మీద ఇంకా నా భుజం కావాలి. మంచం నుంచి కుర్చీ దాకా మాత్రం చేతికర్రతో తనే వస్తున్నాడు. వేలూరు డాక్టరమ్మ చూసి, ఇది చాలా మంచిదంది. ఇంకెంత వస్తుందో చెప్పలేదు. నేనూ అడగలేదు. వచ్చినదానికి దండం పెట్టుకున్నాను.

ఆయన నీళ్లలో ఉన్నంతసేపూ నేను వాలు మీద, తడి చీరతో, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటాను. సహస్రనామం మొదలుపెడతాను. చాలా రోజులు సగంలోనే కళ్లు మూతలు పడతాయి. మొన్నొక రోజు ఆయన నడక ఆపాడు. చప్పుడు ఆగేసరికి ఉలిక్కిపడి లేవబోయాను.

"పడుకోమ్మే కొంచేపు" అన్నాడు, కొలను మధ్య నిలబడి. "నేను నిలబడే ఉండా."

నేను కమ్మీకి తల ఆనించాను.