చెరువు గట్టు మీద కందకం

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం, కోడూరు దగ్గరున్న మా ఊరిని కాపాడాలని కొందరికి బుద్ధి పుట్టింది. చైనావాడు మా ఊరిని పట్టించుకోలేదని వాళ్ళకి లోలోపల కాస్త చిన్నతనంగా కూడా ఉన్నట్టుంది.

వాళ్ళు పెట్టుకున్న రక్షణ దళానికి నాయకుడు, రెండో ప్రపంచయుద్ధంలో ఎడారిదాకా వెళ్ళొచ్చిన ఓ పాత సిపాయి. ఊరంతా ఆయన్ని మావయ్యగారనేది. ఎడారిలో విమానాలొస్తే కందకంలో దాక్కునేవారట. కాబట్టి మాకూ కందకం కావాలి. ముందు బడి ఆవరణలో తవ్వించారు. మాది దివిసీమ, మోకాలి లోతుకే ఉప్పునీరు ఊరింది. సాయంత్రానికి అందులో పీతలు చేరాయి. దళం వాటిని పట్టి కూర వండుకుని, పొడినేల వెతకడానికి బయల్దేరింది.

ఊళ్ళో ఎత్తైన చోటు ఒక్కటే, మంచినీళ్ళ చెరువు గట్టు. ఎండాకాలం కాలవలు కట్టేసేముందు నింపుకున్న ఆ నీళ్ళే మళ్ళీ కాలవ వదిలేదాకా అందరికీ తాగునీరు. అందులో ఎవర్నీ కాలు కూడా పెట్టనిచ్చేవాళ్ళం కాదు. ఆ గట్టు కడుపులోనే కందకం తవ్వారు. మా అత్తగారు అడ్డం వెళితే, "దేశరక్షణమ్మా, మీరు పక్కకి జరగండి" అన్నారు మావయ్యగారు. దేశం పేరెత్తాక ఇంకెవరు మాట్లాడతారు?

ఒక్క గాలివాన చాలింది. తెల్లారేసరికి గట్టు తెగి నీళ్ళన్నీ పక్కనున్న చవిటిపర్రలోకి, ఆ ఉప్పు బీడులోకి పోయాయి. శత్రువుకి విమానం ఖర్చు కూడా మిగిలింది.

అప్పటికి నా చంటిపిల్ల నెలల పసిగుడ్డు. నాకు పాలు చాలక పోతపాలు పట్టేదాన్ని. పాలలో కలపడానికి ఇక ఉప్పగా ఉండే నూతినీళ్ళే దిక్కు. తాగినదంతా పిల్ల కక్కేసేది.

చివరికి ఎగువ నుంచి నీళ్ళ పీపాలతో ఎడ్లబండి వచ్చింది. మావయ్యగారి దళం సరుగుడు కర్రలతో దాని చుట్టూ నిలబడింది, బిందెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళ బారి నుంచి నీళ్ళని కాపాడటానికి. నేను చంటిదాన్ని చంకనేసుకుని ముందుకు వెళ్ళాను.

"పిల్లకండీ మావయ్యగారూ, ఒక్క చెంబు."

"లైన్లో రావాలమ్మా. ఇప్పుడే ఇలా తోసుకుంటే రేపు యుద్ధం వస్తే ఏం చేస్తారు?"

"ఇంకా రావడమేంటండీ? మా ఇంట్లోకి వచ్చేసింది. తెచ్చింది మీరే" అన్నాను.

నేనే అడ్డంగా ఉన్న కర్రని పక్కకి నెట్టి పీపాలో చెంబు ముంచుకున్నాను.